నోరు విప్పని బాతు

"కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తండి. అప్పుడు తెలుస్తుంది," అంది విజయకుమారి.

"బాతుల సంగతి నాకు నేర్పుతావేంటే?" అంటూ ఆమె భర్త రాజరత్నం బాతుపిల్లని తిరగేశాడు. తోక కింద ఈకలు విడదీసి, ఊది, కళ్ళు చికిలించి చూశాడు. వంగిన వంగుడుకి చొక్కా జేబులోని సెల్‌ఫోను జారి కుడితి గోలెంలో పడింది.

"మగదే!" అన్నాడు గోలెంలో చెయ్యి పెట్టి ఫోను దేవుకుంటూ.

"ఆడదేమోనండీ అల్లుడుగారూ," అంది కనకమ్మ మెల్లిగా.

ఆడదైతే గుడ్లకి, మగదైతే కూరకి. కనకమ్మ పెరట్లో బాతులకి ఎప్పుడూ అదే లెక్క. అందులోనూ తాడేపల్లిగూడెం నుంచి కూతురు విజయకుమారిని తీసుకుని ఆదివారం భోజనానికి వచ్చిన అల్లుడు నోరు తెరిచి బాతుకూర అడిగాడు. అల్లం వెల్లుల్లి నూరడం కూడా అయిపోయింది. మందలో తక్కినవన్నీ గుడ్లు పెట్టేవే, తేలాల్సింది ఇదొక్కటే.

కనకమ్మ మనవరాలు స్నేహలత వసారా గుంజని పట్టుకుని నిలబడి ఉంది. పెదపాడు దారిలో చేపల చెరువు గట్టు మీద కాకులు పొడుస్తుంటే ఆ బాతుపిల్లని గౌను చెంగులో వేసుకుని ఇంటికి తెచ్చింది తనే. బకెట్లో పెట్టి, నూకలు నానబెట్టి పెంచింది. చుక్క అని పేరు పెట్టింది. 'దాన్ని కొయ్యొద్దు మావయ్యా' అని చెప్పాలని ఇందాకటి నుంచీ చూస్తోంది. మాట గొంతు దాటితే కదా! ఆ పొద్దున చర్చిలో వాక్యం చదవమని లేపితే, మైకు ముందు నోరు తెరిచి, మళ్ళీ మూసేసి, కూర్చుండిపోయిన పిల్ల.

"తోకలో ఈక వంకీ తిరిగితే మగదని తెలిసేది. దీనికింకా ఆ వయసు రాలేదు," అంది కనకమ్మ. "గొంతుని బట్టి చూడాలండీ. ఆడబాతు వీధి చివరికి వినపడేలా అరుస్తుంది. మగదానిది బొంగురు గొంతు, పైకి రాదు."

"అయితే అరిపించండి."

"పసితనపు కిచకిచలు పోయాక ఇది నోరే విప్పలేదండీ."

"పెంచినమ్మాయి పోలిక!" అని విజయకుమారి నవ్వింది.

స్నేహలత గుంజ వెనక్కి జరిగింది.

"మందలో కలిపి చూద్దాం. తనవాళ్ళని చూస్తే నోరు అదే వస్తుంది," అంది కనకమ్మ.

చుక్కని తీసుకెళ్ళి గూటి ముందు మేస్తున్న బాతుల మధ్య వదిలారు. బాతులన్నీ మెడలు చాచి కొత్తదాన్ని ఎగాదిగా చూశాయి. ఒక ముసలి బాతు ముందుకొచ్చి వీపు మీద ఒక్క పోటు పొడిచింది. తక్కినవీ అందుకున్నాయి. చుక్క కిక్కురుమనకుండా పరిగెత్తి గూటి వెనక దూరింది.

"చూశారా? అన్ని పోట్లు పొడిచినా నోరెత్తలేదు. మగదే అత్తయ్యగారూ!"

"మగాళ్ళు నోరెత్తరా?" అంది విజయకుమారి. "కూరలో ఉప్పు తగ్గితే మీరు నాలుగిళ్ళకి వినపడతారు."

కనకమ్మ కర్రతో అదిలించి బాతుల్ని కాలవలోకి తోలేసింది. కత్తిపీట తెచ్చి అరుగు మీద పెట్టింది.

"అమ్మా స్నేహా, నువ్వెళ్ళి దాన్ని పట్టుకురా. నీకైతే చిక్కుతుంది," అన్నాడు రాజరత్నం.

స్నేహలత తల వంచుకుని గూటి వెనక్కి వెళ్ళింది. ఎంతకీ రాలేదు.

"ఏమ్మా, దొరికిందా?"

"క్వాక్! క్వాక్ క్వాక్ క్వాక్!"

ఆ అరుపుకి రాజరత్నం ఉలిక్కిపడ్డాడు. తుడుచుకుంటున్న ఫోను మళ్ళీ గోలెంలో పడింది.

"ఆడదే!" కనకమ్మ చప్పట్లు కొట్టింది. "ఏం గొంతండీ బాబూ!"

అరుపు ఆగలేదు. కాలవలోని బాతులు బదులు పలికి, ఒకదాని వెనక ఒకటి గట్టెక్కి, బిలబిలా గూటి వెనక్కి చేరాయి. కాసేపటికి స్నేహలత చుక్కని చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. మొహం కందిపోయి ఉంది. మందంతా ఆమె కాళ్ళ వెంటే నడిచొచ్చింది. చుక్కని కిందికి దింపితే ఈసారి ఒక్కటి కూడా పొడవలేదు. ముసలి బాతు పక్కకి జరిగి చోటిచ్చింది.

"గుడ్లు పెట్టేదాన్ని కొయ్యకూడదులెండి," అన్నాడు రాజరత్నం నీరసంగా.

నూరిన అల్లం వెల్లుల్లి బాతుగుడ్ల పులుసులోకి పోయింది. స్నేహలత అన్నం కన్నా మంచినీళ్ళే ఎక్కువ తాగింది. అల్లుడు నాలుగు గుడ్లు తిని, మోటారుసైకిలెక్కుతూ, "అత్తయ్యగారూ, ఈసారి వచ్చినప్పుడు ఆ గొంతున్నదాని గుడ్డే నాకు పెట్టాలి," అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

సాయంత్రం కనకమ్మ నూకలు చల్లుతుంటే చుక్క మందని తోసుకుని ముందుకొచ్చింది. మెడ చాచింది. మొట్టమొదటిసారి నోరు విప్పింది.

"హ్స్స్... హ్స్స్..."

సైకిలు పంపు కొట్టినట్టుంది. కనకమ్మ చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చుక్క వంక చూసింది. గుంజ పక్కన గోళ్ళు కొరుక్కుంటున్న మనవరాలి వంక చూసింది.

"అరవడమంటే అరిచావు, సరే," అంది. "మరి మీ మావయ్య అడిగిన గుడ్డు కూడా నువ్వే పెడతావా?"