సీసాకు నాలుగు

తనను కొట్టేది మనిషా, మందా? పదకొండేళ్లుగా నీలావతిని తొలిచేస్తున్న సందేహం ఇదే.

ధర్మవరంలో ఎవరిని అడిగినా మందే అన్నారు. అత్త మునెమ్మదీ అదే మాట. "తెల్లారి మగ్గంలో కూచుంటే ఒక్క పోగు తప్పడమ్మా నా కొడుకు. బంగారం. ఆ పాడు మందు పడితేనే వానికి ఒంటి మీద తెలివుండదు."

చిన్నస్వామి తాగేది శనివారమే. నేసిన చీర షావుకారికి అప్పజెప్పి, చేతిసంచిలో సీసాలు గలగలలాడించుకుంటూ వీధి నడిమధ్యన నడిచి వస్తాడు. షావుకారితో మాట పడిన వారం సంచి బరువుగా ఉండేది. కోపం దిగమింగడానికి తాగుతాడు పాపం అనుకునేది నీలావతి. వస్తూనే మగ్గం గదిలో దూరి గడియ పెట్టుకునేవాడు. గంట తర్వాత తలుపు తెరుచుకునేది. ముందు వాసన గుప్పుమనేది. వెనకాలే పిడికిలి వచ్చేది.

ఆ శనివారం ఆమె ఉపవాసం. దేవుడి ముందు దీపం పెట్టి లేస్తుంటే జుట్టు పట్టి వెనక్కి గుంజాడు. మొదటి దెబ్బకు తల గోడకు కొట్టుకుంది. రెండో దెబ్బకు పెదవి చిట్లింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. మగ్గం మీద పేక పోగును అటూ ఇటూ ఆడించే నాడె తెచ్చి, ఆ కొయ్య మొనతో మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. గోవిందా, గోవిందా అంటూనే లెక్కపెట్టుకుంది. పన్నెండు. పన్నెండోది ఎడమ కంటి మీద పడింది.

లెక్కపెట్టడం ఆమెకు కొత్తగా పట్టుకున్న అలవాటు. అంగన్‌వాడీలో పని కోసం ఓపెన్ టెన్త్‌కు కట్టింది. ఆదివారాలు పెనుకొండలో క్లాసులు. నాలుగు నెలల కిందట, వాళ్లు ఈ అద్దింట్లోకి మారిన వారమే, లెక్కల సారు అనులోమానుపాతం చెప్పాడు.

"ఒక చీరకు పావు కిలో జరీ అయితే రెండు చీరలకు?"

"అర కిలో సార్."

"అంతే. ఒకటి రెట్టింపైతే రెండోదీ రెట్టింపు. దాన్ని దీంతో భాగిస్తే ఎప్పుడూ ఒకే అంకె రావాల."

నీలావతి చెయ్యెత్తింది. "సార్, మొదటిది సున్నా అయితే?"

"రెండోదీ సున్నానే కదమ్మా. చీరే నెయ్యకుంటే జరీ యాడ ఖర్చయితాది?"

అందరూ నవ్వారు. ఆమెకు మాత్రం అది దేవుడి వాక్కులా వినిపించింది. ఇంటికొచ్చి నోటుబుక్కు వెనక రెండు వరసలు గీసింది. ఒక దాంట్లో సీసాలు, ఒక దాంట్లో దెబ్బలు. ఒకటి తెచ్చిన వారం నాలుగు. రెండుకు ఎనిమిది. మూడుకు పన్నెండు. మిగతా ఆరు రోజులూ సీసా లేదు, దెబ్బ లేదు. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు.

హిందూపురంలో కంటి డాక్టరు కట్టు కడుతూ ఒకే మాట చెప్పాడు. "ఇంకొక్క దెబ్బ తగిలితే ఈ కన్ను పోతాదమ్మా."

అన్న పోతులయ్య ఫిర్యాదు కాగితం రాయించుకుని ఆస్పత్రికే వచ్చాడు. "లెయ్, స్టేషన్‌కి పోదాం పా. ఆ నాకొడుకును లోపలేయిస్తా."

"వద్దన్నా. పాండురంగని మాల వేయిస్తా. అది వేసుకున్నోళ్లు మళ్లీ సీసా ముట్టరంట."

"మందు మానితే కొట్టడని నీకెవురు చెప్పినారు?"

ఆమె మంచి చేత్తో నోటుబుక్కు తీసి చూపింది. "చూడన్నా. సీసా సున్నా అయితే దెబ్బ సున్నా. లెక్క అబద్ధం చెప్పదు."

పోతులయ్య ఆ రెండు వరసలూ పైనుంచి కింది దాకా చూశాడు. "తన్నులు తింటా ఎక్కాలు రాసుకున్యావా తల్లీ! నీ చదువు మండిపోను!" అన్నాడు. కళ్లు తుడుచుకుని, కాగితం నాలుగు ముక్కలుగా చించేశాడు.

చిన్నస్వామి మాలకు ఒప్పుకున్నాడు. పూజారి ముందు, పదిమందీ చూస్తుండగా, భార్య చేతికట్టు పట్టుకుని భోరున ఏడ్చాడు.

"నేను కొట్లేదే నీలా. మందు కొట్టించింది. ఏం చేసింటానో తెల్లారితే నాకు గుర్తే ఉండదు."

మునెమ్మ కొంగుతో ముక్కు చీదింది. "విన్యావా? నేను చెప్పలే?"

పదకొండేళ్ల సందేహం తీరినట్టే అనిపించింది నీలావతికి. పాండురంగనికి కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. కట్టు కింద ఎడమ కన్ను సలుపుతూనే ఉంది.

మాల వేసుకున్న మనిషి మూడు రాత్రులు గుడిలో నిద్ర చేసి నాలుగో రోజు ఇంటికి వస్తాడు. ఆలోగా ఇల్లు శుద్ధి చేయాలి. ఒంటిచేత్తో గోడలు కడిగింది. గడపకు పసుపు రాసింది. ఇక మిగిలింది మగ్గం గుంట. నేసేటప్పుడు కాళ్లు కిందికి పెట్టుకుని కూర్చునే ఆ గుంటలోకి చిన్నస్వామి ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. స్వామి వచ్చే ఇల్లు కదా, ఒక మూల వదిలేస్తే ఎట్లా అనుకుని, పసుపునీళ్ల చెంబుతో మెల్లగా దిగింది.

గుంట గోడకు ఆనించిన పలకను పక్కకు జరిపింది.

నాలుగు నెలల సీసాలు, ముప్పై నాలుగూ, వరసగా నిలబెట్టి ఉన్నాయి, ఒక్కోదాంట్లో మందు చొక్కా మీద చిలకరించుకునేంత మాత్రమే తగ్గి.