చప్పుడుకు ముందు

స్ఫాక్స్ రేవును ఆ రాత్రి పొగమంచు కమ్మేసింది. జెట్టీ మీది కెమెరా పంపే లైవ్ వీడియోలో మంచును చెరిపి చూపించడం, జెట్టీకి ఎదురుగా మేడ గదిలో కూర్చునే దోర్రా పని. ఆమె రాసిన పైథాన్ ప్రోగ్రాం ఒక్కో పిక్సెల్‌నూ విడివిడిగా తడుముకుంటూ నత్తనడక నడిచేది. కాపలాదారు బురావి కెమెరా ముందు చప్పట్లు కొడితే, వాకీటాకీలో చప్పుడు వినబడ్డాక ఎప్పటికో తెరమీద చేతులు కలిసేవి.

ఆ రాత్రి ఆమె ఒక్కో పిక్సెల్ దగ్గరా ఆగి తిరిగే ఆ లూపు తీసేసి, పిక్సెళ్లన్నిటినీ ఒక్క లెక్కలో తేల్చేసేలా మార్చింది.

"బాబాయ్, ఇంకొక్కసారి కొట్టవా?"

"నీ పెళ్లికని దాచుకున్న చప్పట్లన్నీ ఇక్కడే అయిపోయేట్టున్నాయి తల్లీ!"

తెరమీద చేతులు కలిశాయి. గదంతా నిశ్శబ్దం. ఆ తర్వాత వినబడింది, ఠప్పుమని.

వాకీటాకీ వెనకబడిందేమోనని కిటికీ తెరిచి, మళ్లీ కొట్టమంది. తెరమీద చేతులు కలిసి విడిపోయాయి. అప్పుడు కింద మంచులోంచీ, వాకీటాకీలోంచీ ఒకేసారి ఠప్పుమంది.

దోర్రా తెరకు దగ్గరగా వంగింది.

తెరమీద బురావి తలెత్తి ఎటో చూస్తూ వెనక్కి అడుగేశాడు. కాలికి ఓడ మోకు తగులుకుంది. టార్చి గాల్లో గిర్రున తిరిగింది. ఇక ఖాళీ జెట్టీ, నల్లటి నీళ్లు.

"చాలా, ఇంకా కొట్టాలా?" వాకీటాకీలో బురావి నవ్వుతున్నాడు.

దోర్రా కిటికీలోంచి తల బయటపెట్టి గొంతు చించుకుంది. "బాబాయ్!"

"ఎందుకమ్మా ఆ కేకలు? ఉండు, నీ కిటికీ కనబడేట్టు కాస్త వెనక్కి జరుగుతా."