గిన్నె సాక్ష్యం

"నీ గిన్నె పలికిందయ్యా" అన్నాడు పెద్దాయన. "నువ్వు చెప్పినట్టే పలికింది."

పింగాణీ మేస్త్రీ గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతులకు అంటిన తెల్లమట్టి ఇంకా ఆరలేదు. పని మధ్యలో ఉండగా కారు పంపించి పిలిపించారు. భోజనాల బల్ల మీద తను చేసిన ఆకుపచ్చ గిన్నె ఉంది. దాని నిండా జావ, చల్లారి పైన తెట్టు కట్టింది. అంచు నుంచి అడుగుదాకా వెంట్రుకల్లాంటి సన్నని గీతలు పడ్డాయి.

"కోడలు జావ పోసింది. పోసీ పోయగానే టింగుమంది. ఈ చెవులతో విన్నాను. కోడల్ని వెనక గదిలో పెట్టి తాళం వేశాను. పోలీసులకు ఫోన్ చేశాను. వాళ్లొచ్చాక నువ్వొక్క మాట చెబితే చాలు."

"ఏం చెప్పాలండీ?"

"నాకు అమ్మేటప్పుడు చెప్పిందే. పాత చీనా రాజుల పద్ధతిలో చేసిన పింగాణీ, విషం తగిలితే చిట్లి చెబుతుంది అన్నావుగా."

మేస్త్రీకి గుర్తుంది. అన్న మాట నిజమే. ఒక్క ఈయనతోనే కాదు, గిన్నె చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లతోనూ అన్నాడు. విని సరదాపడి కొనుక్కుపోతారనుకున్నాడు గానీ, నమ్మేవాళ్లుంటారని అనుకోలేదు.

గోడవార నిలబడ్డ కొడుకు మెల్లగా అన్నాడు. "మీరైనా చెప్పండి మేస్త్రీగారూ. ఇందాకటిదాకా ఏడుస్తూ ఉంది. ఇప్పుడు అలికిడి కూడా లేదు."

"నువ్వూరుకో" అన్నాడు పెద్దాయన. "పెళ్లాం దగ్గర పెగలని నోరు నా దగ్గర లేస్తుంది."

నిజం చెబితే ఇన్నేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. ఇంకెవరూ తన కొట్టు గడప తొక్కరు. చెప్పకపోతే ఒక ఆడమనిషి జైలుకు పోతుంది. మేస్త్రీ గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

"అదంతా ఉత్తిదే పెద్దయ్యా. బేరం కోసం చెప్పిన కబురు. లోపలి మట్టి ఒకలా ముడుచుకుంటుంది, పైన పూత ఇంకోలా. కావాలనే అలా కలుపుతాం, ఆ గీతలే దానికందం. బట్టీలోంచి తీసిన నెలల తరవాత కూడా చిట్లుతూనే ఉంటుంది. వేడి తగిలితే మరీను. మా ఇంట్లో అలమారా పొద్దస్తమానం టింగు టింగుమంటుంది. మా ఆవిడ దానికి అలవాటు పడింది గానీ, నా గురకకి ఇంకా పడలేదు."

ఎవరూ నవ్వలేదు.

"పోలీసులనేసరికి మాట మారుస్తున్నావు" అన్నాడు పెద్దాయన. "దీని జోడీ గిన్నె లోపలుంది. వేడికే అయితే అదీ పలకాలిగా. పలికించు చూద్దాం."

కొడుకు జోడీ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, మరిగే నీళ్లు పోశాడు. ముగ్గురూ చెవులు రిక్కించి వంగారు. ఆవిరి లేచింది. గిన్నె కిక్కురుమనలేదు.

"ఊఁ?" అన్నాడు పెద్దాయన.

"మనం అడిగినప్పుడల్లా చిట్లదండీ. దాని ఇష్టం."

"జావ పోసినప్పుడే దానికి ఇష్టం పుట్టిందా?"

కొడుకు జేబులో ఫోన్ మోగింది. విని, ముఖం పాలిపోయి, "సందు మొదట్లోకి వచ్చేశారట నాన్నా" అన్నాడు.

మాటతో తెచ్చిన తంటా మాటతో తీరేలా లేదు. మేస్త్రీ ముందుకెళ్లి జావ గిన్నె రెండు చేతులతో అందుకున్నాడు.

"ఒక గుక్క తాగి నాటకమాడితే ఒప్పుకోను" అన్నాడు పెద్దాయన.

మేస్త్రీ ఎత్తిన గిన్నె దించలేదు. చిక్కబడ్డ జావ గొంతులో బరువుగా దిగింది. అడుగున అంటుకున్నది కూడా వేలితో తీసి నాకాడు. గిన్నెను బల్ల మీద బోర్లించాడు.

"ఇప్పుడైనా తియ్యండి తాళం."

పెద్దాయన అతన్ని ఎగాదిగా చూశాడు. మనిషి నిలబడే ఉన్నాడు, పైగా మూతి తుడుచుకుంటున్నాడు. పెద్దాయన బిగిసిన దవడ సడలింది. తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

కోడలు వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. పెద్దాయన కుర్చీలోంచి లేచాడు.

"తప్పు నాదేనమ్మా. మనిషిని కాదని గిన్నెను నమ్మాను. ఈయన వచ్చాడు గనక సరిపోయింది."

ఆమె మేస్త్రీ వైపు తిరిగి చేతులు జోడించబోయింది. అంతలో చూపు బల్ల మీద బోర్లించిన గిన్నె మీద పడింది. చేతులు సగంలోనే ఆగిపోయాయి.

"ఆ జావ పారబోశారు కదండీ?" అంది.