అమ్వాజ్‌లో ఊరి బస్సు

"ఇతని భాష ఎవరికైనా వచ్చా?" అని పోలీసాయన కింద గుంపును మళ్లీ అడిగాడు.

అరబ్బు దేశంలో సముద్రాన్ని పూడ్చి కట్టిన అమ్వాజ్‌లో ఇంకా కడుతున్న మేడ అది. సముద్రం మీద పొద్దుటి మంచు దట్టంగా పరుచుకుని, నీళ్లేవో నేలేదో తెలియకుండా ఉంది. పైన, పిట్టగోడ లేని శ్లాబు అంచున, కొత్తగా వచ్చిన కూలి దేవన్న బట్టల సంచి చంకన పెట్టుకుని నిలబడ్డాడు. జ్వరం తలకెక్కి నిన్నటినుంచీ పలవరిస్తున్నాడని క్యాంపు వాళ్లు చెప్పారు. పోలీసులు మెట్లెక్కి దగ్గరికి వెళ్లినప్పుడల్లా వాళ్ల యూనిఫాం చూసి బెదిరి, అంచువైపు ఇంకాస్త జరుగుతున్నాడు.

గుంపు వెనకనున్న లచ్చన్నకు దేవన్న మాట ప్రతిదీ అర్థమవుతోంది. "జరగుండ్రి, నేను ఊరికి పోవాలె" అంటున్నాడు దేవన్న. తను నోరు విప్పితే పోలీసులు ముందుగా అడిగేది గుర్తింపు కార్డేనని కూడా లచ్చన్నకు తెలుసు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్ దగ్గర్నుంచి పారిపోయి ఏళ్లు గడిచాయి. అప్పట్నుంచీ గోడలకు రంగులేసుకుంటూ, పోలీసు బండి కనిపిస్తే సందు మారుతూ, తన నీడను చూసి తానే ఉలిక్కిపడుతూ బతుకుతున్నాడు.

పైన దేవన్న మడమ కింద నుంచి కంకర రాలింది. లచ్చన్న మనసు ఇంకా వెనకాముందూ ఆడుతుండగానే కాళ్లు ముందుకు కదిలాయి.

పోలీసాయన బలూచివాడు, ఉర్దూ మాట్లాడతాడు. భాష తెలిసిన మనిషి దొరికాడని మొదట సంతోషించాడు, తర్వాత కార్డు అడిగాడు. పరాయి దేశస్థుడు పోలీసులకు సాయం చేస్తే, జీతం లేకపోయినా అది పనికిందే లెక్కట. వీసా నడుస్తుండాలి, కఫీల్ ఒప్పుకోవాలి. అవేవీ లేని మనిషిని పైకి పంపితే, రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పుకోవలసింది తనే.

లచ్చన్న అరిగిపోయిన పాత కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఫోన్లు చేసి కనుక్కోమన్నాడు, తను దిగి వచ్చాక ఎక్కడికి తీసుకుపోయినా వస్తానన్నాడు. పోలీసాయన కార్డు వంక చూశాడు, శ్లాబు వంక చూశాడు. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

పైన గాలి లేదు, చప్పుడు లేదు. నాలుగు దిక్కులా తెల్లదనమే.

"ఏం దేవన్నా, యాడికి?"

సొంత మాట చెవిన పడగానే దేవన్న తిరిగి చూశాడు. "మా ఊరికి. అగో, మక్కచేను కనవడ్తలేదా? అది దాటితే మా ఇల్లే."

అక్కడ ఊరూ లేదు, చేనూ లేదు, అది సముద్రమని చెప్పడానికే లచ్చన్న ఎక్కాడు. అయితే ముందు దేవన్న చూపించిన వైపు చూశాడు. మంచు కదిలితే మొక్కజొన్న చేను ఊగినట్టే ఉంది. తడిసిన మట్టి వాసన, దాని వెనకే పొయ్యి పొగ వాసన అతని ముక్కుకూ సోకాయి. చూస్తూ చూస్తూ తను కూడా ఒక అడుగు ముందుకేశానని ఆలస్యంగా గ్రహించాడు.

"కనవడ్తుంది," అన్నాడు నెమ్మదిగా. "గాని నడిస్తే శానా దూరం. బస్సొస్తది, కూసో."

"వస్తదా?"

"రాకేంది. నేను గూడ దాంట్లనే పోవాలె."

దేవన్న చంకలోని సంచి ఒళ్లో పెట్టుకుని చతికిలబడ్డాడు. లచ్చన్న అతనికీ అంచుకూ మధ్య కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. దేవన్న ఏవేవో చెప్పాడు. బర్రె ఈనే రోజులన్నాడు, బిడ్డకు పళ్లొస్తున్నాయన్నాడు. బస్సు దిగితే నీకోసం ఎవరొస్తారని అడిగాడు. అడుగుతూనే లచ్చన్న భుజం మీద తల వాల్చి నిద్రలోకి జారుకున్నాడు. ఆ బరువు కదిలించకుండా లచ్చన్న ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు. ఎండ ఎక్కి, చేను కరిగి, నీళ్లు బయటపడ్డాక పోలీసులు బూట్లు విప్పేసి చప్పుడు కాకుండా వచ్చి దేవన్నను ఎత్తుకుపోయారు.

కింద పోలీసాయన లచ్చన్నను జీపులో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. కఫీల్ దొరికాడని, బయల్దేరాడని చెప్పాడు. జీపు తలుపు తెరిచే ఉంది, కాపలా కూడా ఎవరూ లేరు. అయినా లచ్చన్నకు దిగి పరుగెత్తాలనిపించలేదు. భయం కూడా వేయలేదు. ఎప్పుడో పట్టిన నిద్ర ఇప్పుడే వదులుతున్నట్టు ఉందంతే.

కారు వచ్చి ఆగింది. లచ్చన్న కఫీల్, పక్కనే ముహర్రక్‌ పట్నంలో చెక్క పడవలు చేయించే అబూ ఖలీల్ కర్ర ఊతంతో దిగాడు. లచ్చన్న పారిపోయిన నాడు నల్లగా ఉన్న గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. లచ్చన్న లేచి తల వంచుకుని నిలబడ్డాడు.

తనకు ఒక సంగతి అంతుబట్టలేదని పోలీసాయన ముసలాయనతో అన్నాడు. ఈ మనిషి మీ దగ్గర్నుంచి పారిపోయానని తనంతట తానే ఒప్పుకుంటున్నాడు, కంప్యూటర్‌లో చూస్తే కేసు లేదు, వీసా ఏటా రెన్యువల్ అవుతూనే ఉంది, ఎందుకని అడిగాడు.

అబూ ఖలీల్ కర్రతో లచ్చన్న వైపు చూపించాడు.

"ఇతను పారిపోలేదు. తల్లి చనిపోయింది, సెలవు కావాలన్నాడు. కుదరదన్నాను. మర్నాడు మనసు ఒప్పక, సరే వెళ్లిరమ్మని చెబుదామని గదికి వెళ్తే అప్పటికే లేడు. నా లెక్కలో ఇంకా ఆ సెలవులోనే ఉన్నాడు."