ముత్తాత పెట్టిన అర్జీ

మా ముత్తాత ఈ ఆఫీసులోనే రాత్రి కాపలా కాసేవాడు. ఆయన గురించి ఇంట్లో ఎవరికీ అంతకుమించి తెలియదు. ఆయన వివరాల కోసం నాలుగు నెలలు కాళ్లరిగేలా తిరిగాక, ఆఫీసు కట్టేసే వేళకు నన్ను రికార్డుల గదిలో కూర్చోనిచ్చారు.

“బయట తాళం వేసుకుంటాను బాబూ, రూలు. పనైపోతే తలుపు కొట్టండి,” అన్నాడు బంట్రోతు.

చీకటి పడ్డాక ఆయన ఫైలు దొరికింది. అందులో ఒక్క అర్జీ మాత్రం ఉంది. ఎనభై ఏళ్ల నాటి కాగితం, అడుగున ముత్తాత వేలిముద్ర.

‘నా మునిమనవడి వివరాలు ఇప్పించవలెను.’

దాని కింద నా పేరు ఉంది. నా ఎడమ చెవి వెనక మచ్చ సంగతీ ఉంది. పదకొండు రోజుల మా పాపకు పెడదామని, పొద్దున నేనూ మా ఆవిడా గుసగుసగా అనుకున్న పేరూ ఉంది. ఆ పేరు ఇంకా ఎవరికీ చెప్పలేదు.

పక్కన ‘మంజూరైనది’ అని రాసి, ఇవాళ్టి తేదీ వేశారు.

తలుపు దబదబా బాదాను. వరండాలో తాళాల గుత్తి గలగలమంటూ దూరంగా వెళ్లిపోయింది.

“తాళాలు నా దగ్గర లేవు బాబూ,” అన్నాడు బంట్రోతు, తలుపు అవతలి నుంచి. “మీ ఇంటి పెద్దాయనట, ఈ రాత్రి కాపలా తనదేనని తీసుకున్నారు. ముందు పాపను చూసొస్తారట. మీకు తొందరేం లేదన్నారు.”