పక్కవాకిటి మెరుపు

ఎమ్మెట్ మళ్లీ చెయ్యెత్తాడు. పక్కింటి లైల్ మళ్లీ పట్టించుకోలేదు. తల ఎటో పెట్టుకుని తన కారు బానెట్ మీద వ్యాక్స్ రుద్దుతూనే ఉన్నాడు.

ఆ వీధిలో ఎవరూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడుకోరు. ఎవరి వాకిట్లో వాళ్లుండి చెయ్యెత్తుతారు, అవతలివాళ్లూ ఎత్తుతారు. దాంతో మర్యాద తీరిపోతుంది. కిందటి నెల అద్దెకు దిగిన లైల్‌కి ఆపాటి మర్యాద కూడా లేదు.

ఆ కారు అంతలా మెరవకపోయి ఉంటే ఎమ్మెట్ అదీ సహించేవాడేమో. మొన్నటిదాకా వీధిలో మెరిసే కారంటే అతనిదే. కుక్కల్ని తిప్పుకుంటూ వెళ్లేవాళ్లు అతని వాకిట్లో ఆగి మెచ్చుకునేవారు. ఇప్పుడు లైల్ వాకిట్లో ఆగుతుంటే ఎమ్మెట్‌కి ఒళ్లు మండిపోతోంది.

"ఆయనగారి దర్జా చూశావా? కారు నడపడానికి పెళ్లాం కావాలి, తను దొరలా పక్కన కూర్చుంటాడు," అన్నాడు భార్య డోరీన్‌తో.

"అయితేనేం, కారు మాత్రం అద్దంలా ఉంచాడు," అంది ఆమె. పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ శనివారం ఎమ్మెట్ పంతం పట్టాడు. సబ్బునీళ్లకొక బకెట్, గుడ్డ జాడించడానికొక బకెట్ పెట్టుకుని కారంతా కడిగాడు. వ్యాక్స్ రెండు పూతలు పూశాడు. సాయంత్రానికి నడుం పడిపోయింది కానీ కారు ధగధగలాడింది. లైల్ ఒక్కసారైనా ఇటు చూడలేదు. ఎమ్మెట్ ఇక ఆగలేక అతని దగ్గరికే వెళ్లాడు.

"ఏమండీ, పక్కనొక మనిషున్నాడన్న సంగతి తమరికి గుర్తుందా? నా కారెలా ఉందో కాస్త చెప్పండి."

లైల్ ముఖం విప్పారింది. "హమ్మయ్య, ఇన్నాళ్లకు పలకరించారు. మీరే గర్విష్టులనుకున్నాను," అంటూ చనువుగా ఎమ్మెట్ భుజం మీద చెయ్యేసి నడిచాడు.

ఎమ్మెట్ కారు దగ్గర ఆగి జేబులోంచి పల్చటి ప్లాస్టిక్ సంచి తీసి చేతికి తొడుక్కున్నాడు. పెయింట్ మీద రవ్వంత గరుకు మిగిలినా సంచి తొడిగిన వేళ్లకు తెలిసిపోతుంది. ఈ పనిలో ఆరితేరినవాళ్ల పరీక్ష అది. లైల్ బానెట్ అంతా నిదానంగా తడిమాడు, తలుపుల అంచులూ వదల్లేదు.

"ఎక్కడా చెయ్యి ఆగలేదు. నాకన్నా బాగా చేశారు," అన్నాడు లైల్.

నెలనాళ్ల కడుపుమంట ఆ మాటతో చల్లారిపోయింది. ఎమ్మెట్ పొంగిపోతుండగా, లైల్ కారును మరోసారి ఆప్యాయంగా నిమిరి అడిగాడు.

"ఇంతకీ ఇది ఏ రంగండీ?"