నొక్కి చూస్తే

జీడితోట దాటగానే జీపు ఇసుకలో దిగబడింది. డిఫరెన్షియల్ లాక్ లేని పాత బండి. ఇసుకలో ఉన్న చక్రం గిర్రున తిరుగుతోంది, గట్టినేల మీదున్న రెండో చక్రం కదలడం లేదు. ఇంజను బలమంతా పట్టు లేని చక్రానికే పోతోంది.

ఢిల్లీబాబు దిగి, టైరు పక్కన గొంతుక్కూచుని, పుల్లతో వాల్వు నొక్కాడు. గాలి బుస్సుమంది.

"ఏటి సేత్తన్నావురా?" వెనక సీట్లో పడుకున్న గున్నయ్య అడిగాడు. ఢిల్లీబాబుకి అక్క మొగుడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పలాసలో రైలెక్కించి, డయాలసిస్‌కి విశాఖపట్నం తీసుకెళ్ళాలి.

"గాలి తీత్తన్నాను బావా. టైరు మెత్తబడితే ఇసక మీద పరుసుకుని నడుత్తాది."

గున్నయ్య నీరు పట్టి వాచిన తన పాదాన్ని వేలితో నొక్కాడు. పడిన గుంట పూడలేదు.

"దీనికీ అలాటి వాల్వుంటే బాగున్ను. రైలూ అక్కర్లేదు, పట్నవూ అక్కర్లేదు."

ఢిల్లీబాబు ఆ గుంట వైపు చూడలేదు. నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించాడు. ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి చూశాడు. నొక్కినచోటల్లా రబ్బరు లోపలికి పోయి, వేలు తీయగానే పైకొచ్చింది.

ఇసుక దులుపుకోవడానికి కుడికాలి చెప్పు విప్పాడు. పాదం మీద పట్టీ అచ్చు లోతుగా దిగి ఉంది. అదే బొటనవేలితో అక్కడా నొక్కి చూశాడు.

వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"అయిందేట్రా?"

"అయిపోనాది బావా."

చెప్పు తొడుక్కుని, ఆ కాలితోనే యాక్సిలరేటరు తొక్కాడు. ఏ ఇబ్బందీ లేకుండా జీపు ఒడ్డెక్కింది.